పాత వీడియో క్యాసెట్లు: టేపు కంటే ముందే చేజారేవి

2016 జూలైలో జపాన్‌కు చెందిన ఫునాయ్ ఎలక్ట్రిక్, వీడియో క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. అప్పటికి వాటిని ఇంకా తయారు చేస్తున్న ఆఖరి కంపెనీగా అందరికీ తెలిసింది అదే. మంచి రోజుల్లో ఏడాదికి కోటిన్నర దాకా అమ్మిన ఆ సంస్థ 2015లో అమ్మినవి ఏడున్నర లక్షలు. కొనేవాళ్లు తగ్గడం ఒక కారణం, లోపల వేసే విడిభాగాలు దొరక్కపోవడం ఇంకో కారణం. 2016 మార్చిలోనే సోనీ తన బీటామ్యాక్స్ రకం వీడియో క్యాసెట్ల అమ్మకాన్నీ ఆపేసింది. కాబట్టి ఇవాళ ఎక్కడ ఏ వీసీఆర్ ఆడుతున్నా అది పాతదే. ఇళ్లలో మూలన పడి ఉన్నవైతే చాలావరకు ఇరవై, ముప్పై ఏళ్ల నాటివి.

క్యాసెట్ల మాట రాగానే చాలామంది అడిగేది "టేపు ఎన్నాళ్లు ఆగుతుంది?" అని. అడగాల్సిందే, కానీ ముందు అడగాల్సింది అది కాదు. టేపు కంటే ముందే రెండు చేజారిపోతున్నాయి. ఒకటి, దాన్ని ఆడించే యంత్రం. రెండోది, తెర మీద కనిపిస్తున్నవాళ్లు ఎవరో, అది ఏ సందర్భమో చెప్పగలిగే మనిషి. డిజిటల్‌లోకి మార్చడాన్ని కేబుళ్లు, సాఫ్ట్‌వేర్ల పనిగా మాత్రమే చూస్తే ఈ రెండోది అసలు గుర్తుకే రాదు. ఏ క్యాసెట్ ముందు ఎక్కించాలి, శ్రద్ధ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ సర్దుకుపోవచ్చు అన్న నిర్ణయాలన్నీ ఈ మూడింటిలో ఏది ముందు పోయేలా ఉందన్న దాన్ని బట్టే తీసుకోవాలి.

ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2015లోనే ఈ సంగతి గట్టిగా చెప్పింది. 2025 నాటికి డిజిటల్‌లోకి మారని టేపులు చాలావరకు పోయినట్టే లెక్క అన్నది ఆ హెచ్చరిక. 2019లో యునెస్కో కూడా సౌండ్ ఆర్కైవుల అంతర్జాతీయ సంఘంతో కలిసి మాగ్నెటిక్ టేపుల గురించి ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. వీటిలో ప్రధానమైన భయం టేపు చెరిగిపోతుందని కాదు, ఆడించే పరికరాలు, వాటిని బాగుచేయడం తెలిసినవాళ్లు కరువైపోతున్నారని. 2025 దాటగానే టేపులన్నీ ఒక్కసారిగా ఖాళీ అయిపోవు. ఆ ఏడాదిని అంచనాగానే తీసుకోవాలి, కానీ ఆ అంచనా వెనకున్న కారణం మాత్రం గట్టిది.

టేపులో అసలేం ఉంటుందో చూస్తే భయం ఎంతవరకు నిజమో తేలుతుంది. ఇళ్లలో ఎక్కువగా ఉండే వీహెచ్ఎస్ రకం టేపు 12.7 మిల్లీమీటర్ల వెడల్పున్న పలుచని పాలియెస్టర్ పట్టీ. దాని మీద ఐరన్ ఆక్సైడ్ రేణువుల పూత ఉంటుంది, ఆ రేణువులను పట్టీకి అంటిపెట్టుకుని ఉంచేది పాలీయురెథేన్ రకం బంధక పదార్థం. రికార్డయిన అయస్కాంత గుర్తులు చాలా ఏళ్లు నిలుస్తాయి. స్పీకర్ల పక్కన పెట్టినందువల్లో, ఊరికే కాలం గడిచినందువల్లో అంతా తుడిచిపెట్టుకుపోతుందన్న నమ్మకంలో అతిశయోక్తి ఎక్కువ. ముందు దెబ్బతినేది ఆ బంధకమే. గాలిలోని తేమను పీల్చి మెల్లగా విరిగిపోతూ జిగురు వదులుతుంది. ఆ జిగురు టేపును చదివే వీసీఆర్ హెడ్‌కు అంటుకుని బొమ్మ మాయమవుతుంది. ఇది కొన్ని రకాల పాత ఆడియో టేపుల్లోనూ, స్టూడియోలు వాడిన వీడియో టేపుల్లోనూ తీవ్రం. ఇళ్లలోని వీహెచ్ఎస్‌లో అంతగా కనిపించదు. ఇలాంటి టేపులను సన్నని వేడిలో గంటల తరబడి ఉంచి తాత్కాలికంగా ఆడేలా చేసే పద్ధతి ఒకటుంది గానీ, అది ఉష్ణోగ్రత మీద పూర్తి అదుపున్న పరికరాలతో నిపుణులు చేసే పని. ఇంట్లోని ఓవెన్‌లో చేసి చూద్దాం అనుకోవద్దు.

ఇళ్లలోని క్యాసెట్లకు అసలు శత్రువు బూజు. క్యాసెట్ ముందున్న చిన్న కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడిలాగో, సన్నని దారాల్లాగో కనిపిస్తుంది. అలాంటిది కనిపిస్తే ఆ క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెట్టనే కూడదు. ఒక్కసారి ఆడితే ఆ బూజు హెడ్‌కు, టేపును నడిపించే గైడ్లకు అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి మంచి క్యాసెట్‌కూ పాకుతుంది. దాన్ని విడిగా ఒక కవర్లో కట్టిపెట్టి, శుభ్రం చేసే పరికరాలున్నవాళ్లకు ఇవ్వడమే మేలు. ప్లాస్టిక్ డబ్బా పగిలితే మాత్రం పెద్ద టెన్షన్ పడనక్కర్లేదు. అదే రకం పనికిరాని క్యాసెట్ ఒకటి తెరిచి, దాని డబ్బాలోకి ఈ చుట్టలను మార్చేయొచ్చు. తెగిన టేపును కూడా అందుకోసమే వచ్చే అతుకు టేపుతో వెనకవైపు నుంచి కలపొచ్చు. మామూలు సెలోటేపు వాడితే దాని జిగురు కారి హెడ్ పాడవుతుంది.

యంత్రం సంగతి ఇంకా సున్నితం. వీసీఆర్‌లో టేపు నెమ్మదిగానే కదులుతుంది, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు. వేగమంతా హెడ్లున్న డ్రమ్‌ది. మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిలో అది సెకనుకు 25 సార్లు, అమెరికా, జపాన్‌లు వాడిన ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 30 సార్లు తిరుగుతూ టేపు మీద ఏటవాలు గీతలను చదువుతుంది. ఆ గీత వెడల్పు వెంట్రుక మందం కంటే తక్కువే. ఇంత నాజూకైన పనికి ఆధారం కొన్ని రబ్బరు బెల్టులు, ఒక రబ్బరు రోలరు. ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉంటే ఆ రబ్బరు గట్టిపడిపోతుంది, లేదంటే కరిగి బంకలా తయారవుతుంది. అప్పుడే వీసీఆర్ టేపును నమిలేస్తుంది. అందుకే చాలాకాలం తర్వాత బయటికి తీసిన వీసీఆర్‌లో మొదట పెట్టాల్సింది పోయినా బాధ లేని క్యాసెట్. అది అటు చివరి దాకా, ఇటు చివరి దాకా తిరిగి, బయటికి నలగకుండా వస్తేనే రెండోది. విలువైన క్యాసెట్ పెట్టే ముందు దాని అంచునున్న చిన్న ప్లాస్టిక్ ముక్క (రికార్డింగ్ ట్యాబ్) విరిచేయడం మరవకూడదు. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కితే ఉన్నది కాస్తా పోతుంది.

హెడ్ శుభ్రం చేయడానికి దూది పుల్లలు వాడొద్దన్నది తెలిసినవాళ్లందరూ చెప్పేదే. దూది పోగులు హెడ్ అంచుకు చిక్కుకుని దాన్ని విరిచేస్తాయి. పోగులు రాలని మెత్తని తోలు ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్‌కు ఆనించి పట్టుకుని, డ్రమ్‌ను చేత్తో మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దకూడదు.

ఇంట్లో ఉన్నది ఏ రకం క్యాసెట్ అన్నది తేల్చుకోకుండా ముందుకెళ్తే చాలా శ్రమ వృథా. 1982లో వచ్చిన చిన్న వీహెచ్ఎస్-సీ క్యాసెట్‌ను అడాప్టర్‌లో పెట్టి మామూలు వీసీఆర్‌లోనే ఆడించొచ్చు. లోపలున్నది అదే టేపు. కానీ వీడియో8, హై8 లాంటి 8 మిల్లీమీటర్ల క్యాసెట్లకు అలాంటి అడాప్టర్ లేదు, ఉండే వీలూ లేదు. టేపు వెడల్పే వేరు, రికార్డయిన తీరే వేరు. వాటికి ఆ రకం కామ్‌కార్డరే (చేతి వీడియో కెమెరా) కావాలి. 1999లో సోనీ తెచ్చిన డిజిటల్8 కామ్‌కార్డర్లలో చాలా మోడళ్లు ఈ పాత 8 మిల్లీమీటర్ల క్యాసెట్లను కూడా చదివి, నేరుగా డిజిటల్‌గా బయటికి పంపుతాయి. పనిచేసేది ఒకటి దొరికితే వదులుకోవద్దు. విదేశాల్లో రికార్డయి వచ్చిన క్యాసెట్ అయితే పాలా, ఎన్‌టీఎస్‌సీయా అన్నది కూడా చూసుకోవాలి. రెండూ చదవలేని వీసీఆర్‌లో బొమ్మ రంగు లేకుండానో, దొర్లుతూనో వస్తే క్యాసెట్ పాడైందనుకుని పారేసే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది మినీడీవీ అనే చిన్న క్యాసెట్ల విషయంలో. 1995లో వచ్చిన డీవీ పద్ధతిలో టేపు మీద ఉన్నది ముందునుంచీ డిజిటలే. దాన్ని మార్చాల్సిన పని లేదు, ఉన్నదున్నట్టు కాపీ చేసుకోవాలి. కెమెరాను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ కేబుల్‌తో తీసుకుంటే టేపు మీదున్న డేటా యథాతథంగా కంప్యూటర్‌లోకి వస్తుంది, గంటకు సుమారు 13 జీబీ. ఆ డేటాలో ప్రతి ఫ్రేముతో పాటు టైమ్‌కోడ్ (టేపులో అది ఎక్కడుందో చెప్పే గుర్తు), చాలావరకు ఏ తేదీన ఏ టైముకి తీశారన్న వివరం కూడా ఉంటుంది. ఇవేవీ తెలియక పసుపు పచ్చ వీడియో కేబుల్ తగిలించి తీసుకుంటే, డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చి మళ్లీ డిజిటల్ చేసినట్టు. బొమ్మ నాణ్యత తగ్గుతుంది, తేదీలు ఆ ఫైలులోకి రావు. కొత్త కంప్యూటర్లకు ఫైర్‌వైర్ పోర్టు లేకపోవడం నిజంగానే తలనొప్పి. అయినా ఆ పోర్టున్న పాత కంప్యూటర్ ఒకటి సంపాదించడమే సరైన దారి. ఇంకో చిక్కుంది. వీహెచ్ఎస్ పాడైతే బొమ్మలో గీతలు, చుక్కలు వస్తాయి తప్ప మనుషులు కనిపిస్తూనే ఉంటారు. డీవీ అలా కాదు. కొంతవరకు తప్పులను తనే దిద్దుకుంటూ శుభ్రంగా ఆడుతుంది, ఆ హద్దు దాటగానే తెరంతా గళ్లు గళ్లుగా విరిగి మాట ఆగిపోతుంది. దాని గీతలు కేవలం 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) వెడల్పు. కొత్తవి కదా అని మినీడీవీలను చివరికి వాయిదా వేయడం సరి కాదు.

ఇక వీహెచ్ఎస్ లాంటి అనలాగ్ టేపుల దగ్గర, ఎక్కువమంది వీసీఆర్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కొనేటప్పుడు ఏది మంచిదని వెతుకుతారు. నిజానికి ఫలితాన్ని తేల్చేది చాలావరకు దాని ముందున్న యంత్రమే. టేపు ఎప్పుడూ ఒకే వేగంతో, ఒకే బిగువుతో కదలదు. దానివల్ల బొమ్మలోని ఒక్కో గీత కాస్త ముందో వెనకో వస్తుంది. పాత టీవీలు దాన్ని పెద్దగా పట్టించుకునేవి కావు. కంప్యూటర్ పరికరాలు మాత్రం గందరగోళపడి ఫ్రేములు వదిలేస్తాయి. ఫ్రేములు పోయినకొద్దీ మాటలకూ పెదాలకూ పొంతన తప్పుతుంది. ఈ వంకరను సరిచేసేదే టైమ్ బేస్ కరెక్టర్. కొన్ని ఖరీదైన ఎస్-వీహెచ్ఎస్ (మెరుగైన వీహెచ్ఎస్) వీసీఆర్‌లలో అది లోపలే ఉంటుంది. అవి ఎస్-వీడియో కేబుల్‌తో వెలుగునూ రంగునూ విడివిడిగా పంపుతాయి కాబట్టి అంచుల దగ్గర రంగులు పాకడం కూడా తగ్గుతుంది. ఇంటి క్యాసెట్ ఆడిస్తుంటే "ఇది కాపీ రక్షణ ఉన్న క్యాసెట్" అంటూ కొన్ని పరికరాలు మొరాయిస్తాయి. వణుకుతున్న సిగ్నల్‌ను చూసి పొరపడటమే దానికి కారణం. కరెక్టర్ పెడితే ఆ గొడవ కూడా చాలావరకు తీరుతుంది.

ఫైలును ఏ రూపంలో దాచాలన్న దాని మీద వాదనలు చాలా జరుగుతుంటాయి గానీ అసలు విషయం చిన్నది. రెండు కాపీలు కావాలి, రెండూ వేరువేరు పనులకు. మొదటిది దాచుకోవడానికి. దీన్ని కుదించకూడదు, మెరుగుపరచకూడదు, ఇంటర్‌లేస్ (ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా ఉంచే పద్ధతి) తీసేయకూడదు. పాల్ అయితే 720×576, ఎన్‌టీఎస్‌సీ అయితే 720×480 పరిమాణంలో, నష్టం లేని పద్ధతిలో ఉంచాలి. ఆర్కైవులు ఎక్కువగా వాడే ఎఫ్ఎఫ్‌వీ1 అలాంటిదే, దాని నిర్మాణం 2021లో ఆర్ఎఫ్‌సీ 9043 అనే బహిరంగ పత్రంగా అందరికీ అందుబాటులోకి వచ్చింది, ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేదు. పాల్ వీడియోను అసలు కుదించకుండా ఉంచితే గంటకు 75 జీబీ దాకా అవుతుంది, ఎఫ్ఎఫ్‌వీ1 దాన్ని సగం దాకా తగ్గిస్తుంది. రెండోది చూడటానికి, పంచుకోవడానికి. హెచ్.264 పద్ధతిలో ఎంపీ4 ఫైలు చేస్తే గంటకు రెండు మూడు జీబీలతో సరిపోతుంది.

చూసే కాపీ చేసేటప్పుడు రెండు పొరపాట్లు విపరీతంగా కనిపిస్తాయి. మొదటిది, పాత 4:3 బొమ్మను వెడల్పు తెరకు సరిపోయేలా లాగేయడం. అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తారు. పక్కన నల్ల పట్టీలు ఉంటే ఏ నష్టమూ లేదు. రెండోది ఇంటర్‌లేస్‌కు సంబంధించింది. పాల్ టేపులో సెకనుకు 25 ఫ్రేములే ఉన్నా, ఒక్కో ఫ్రేము వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు సగాల కలయిక. అంటే కదలిక సెకనుకు 50 సార్లు నమోదైంది. చాలా సాఫ్ట్‌వేర్లు ఒక సగాన్ని పారేసి 25 ఫ్రేములే ఇస్తాయి, పరిగెత్తే పిల్లలు ఆగి ఆగి కదిలినట్టు కనిపిస్తారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌లోని బీడబ్ల్యూడిఫ్ లాంటి ఫిల్టర్‌తో 50 ఫ్రేములుగా మారిస్తే ఆ క్యాసెట్ అప్పట్లో టీవీలో ఎలా కనిపించిందో అంత నునుపుగా వస్తుంది. డీవీడీగా మార్చి ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎంపెగ్-2 కుదింపు వల్ల కొంత పోతుంది. పైగా ఇంట్లో రాసిన డీవీడీల రంగు పొర కూడా ఎక్కువకాలం నమ్మదగ్గది కాదు. ఒక పాత సమస్యను ఇంకో పాత సమస్యలోకి మార్చినట్టే.

కృత్రిమ మేధతో 4కే నాణ్యతకు పెంచుతామన్న ప్రకటనల గురించి కాస్త జాగ్రత్త అవసరం. వీహెచ్ఎస్ బొమ్మలో అడ్డంగా ఉండే వివరం 240 గీతల స్థాయిదే. దూరంగా నిలబడ్డ మనిషి ముఖం అందులో గుప్పెడు చుక్కలు. ఆ చుక్కల్లో లేని కళ్లను, పెదాలను ఈ సాఫ్ట్‌వేర్ తన శిక్షణలో చూసిన వేల ముఖాల్లోంచి ఊహించి అతికిస్తుంది. ఫలితం శుభ్రంగానే ఉంటుంది, కాకపోతే అది చనిపోయిన తాతయ్య ముఖం కాదు, తాతయ్యను పోలిన ఇంకెవరిదో. సరదాకి చేసుకుంటే తప్పు లేదు. మెరుగుపరిచినది ఒక్కటే దాచి అసలు క్యాప్చర్‌ను చెరిపేస్తేనే ప్రమాదం.

పని బయటివాళ్లకు ఇవ్వాలా, ఇంట్లోనే చేసుకోవాలా అన్నదానికి క్యాసెట్ల సంఖ్యే ఎక్కువగా సమాధానం చెబుతుంది. టేపును వేగంగా కాపీ చేసే దారి లేదు, మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు కూర్చోవాల్సిందే. నాలుగైదు క్యాసెట్ల కోసం వీసీఆర్ వెతికి, బాగుచేయించి, సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కంటే అనుభవమున్నవాళ్లకు ఇవ్వడం నయం. ఇచ్చేముందు ఒక్క క్యాసెట్‌తో పరీక్షించాలి. ఏ ఫైలు ఇస్తారు, ఇంటర్‌లేస్ అలాగే ఉంచిన కాపీ ఇస్తారా, ఖాళీ భాగాలు కత్తిరిస్తారా, క్యాసెట్లు తిరిగి ఇస్తారా అని అడగాలి. ఈ ప్రశ్నలకు తడబడేవాళ్లు యూఎస్‌బీ పరికరం ఒకటి కొనుక్కుని పని మొదలుపెట్టినవాళ్లే అయ్యుండొచ్చు.

కత్తిరించడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అందరూ మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కెమెరా ఆపడం మరిచిపోయి నేలనో గోడనో తీసిన పది నిమిషాలు అనవసరంగా కనిపిస్తాయి. కానీ ఆ పది నిమిషాల్లోనే ఎవరూ కెమెరా కోసం మాట్లాడరు. వెనక నుంచి వినిపించే మాటలు, విసుర్లు, నవ్వు, ఇంట్లోని సామాన్లు, అప్పటి గోడ రంగు అన్నీ అందులోనే ఉంటాయి. వరుసలో నిలబెట్టి తీసిన గ్రూపు దృశ్యాలు ఫొటోల్లో కూడా ఉంటాయి. ఇవి ఇంకెక్కడా ఉండవు. దాచుకునే కాపీలో ఒక్క సెకను కూడా తీసేయకపోవడమే మంచిది, కత్తిరింపులన్నీ చూసే కాపీలోనే.

క్యాసెట్ల వరుస ఎలా ఉండాలన్న దాని దగ్గర పాతది ముందు అన్న సూత్రం సహజంగా తోస్తుంది గానీ, ఇందాకటి మూడు గడువుల (టేపు, యంత్రం, మనిషి) లెక్కలో అది నిలవదు. బూజు ఛాయలు మొదలైనవి, మినీడీవీలు, 8 మిల్లీమీటర్ల క్యాసెట్లు ముందుకు రావాలి. మొదటివాటిలో టేపే పాడవుతోంది, మిగతావాటికి కెమెరా దొరకడం కష్టమవుతోంది. వాటితో సమానంగా ముందుకు రావాల్సినవి, అందులోని మనుషులను గుర్తుపట్టగలవాళ్లు ఒకరిద్దరే మిగిలిన క్యాసెట్లు. టీవీలో వచ్చిన సినిమాలు రికార్డు చేసుకున్నవి చివరికి పోవచ్చు. ఎన్నో కాపీలు పంచిన పెద్ద వేడుకల క్యాసెట్లు కూడా అంతే, ఆ బంధువుల ఇంట్లో ఇంకోటి ఉండే ఉంటుంది. పైగా అది మొదటి కాపీ అయితే నాణ్యత కూడా మెరుగు.

గుర్తుపట్టే పనికి సాంకేతికంగా ఏమీ అక్కర్లేదు, అందుకేనేమో అందరూ వాయిదా వేస్తారు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని చూసే కాపీని ఆడిస్తూ, వాళ్లు మాట్లాడేదంతా ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు. "ఆ ఎర్ర చీరావిడ ఎవరు?" అని అడిగితే పేరుతో మొదలై ఒక తరం చరిత్ర బయటికి వస్తుంది. ఆ ఆడియోను, ఏ నిమిషంలో ఎవరు కనిపిస్తారో రాసిన మామూలు టెక్స్ట్ ఫైలును వీడియో ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టాలి. ఫైలు పేరులో ఏడాది, నెల, సందర్భం ఉంటే చాలు. తెర మూలన కనిపించే తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే కామ్‌కార్డర్ గడియారం మొదటికి వెళ్లిపోయేది. మళ్లీ సరిచేసే ఓపిక ఎవరికి? అందుకే వేర్వేరు ఏళ్ల వేడుకలు ఒకే జనవరి 1న జరిగినట్టు కనిపిస్తాయి. క్యాసెట్ మీది లేబుల్‌ను, డబ్బాలో దొరికే చీటీలను ఫొటో తీసి ఉంచుకుంటే ఇలాంటి చిక్కులు విప్పడానికి పనికొస్తాయి.

ఫైళ్లు తయారయ్యాక ఒక్క హార్డ్ డిస్క్‌లో పెట్టి ఊరుకుంటే టేపు కంటే అధ్వాన్నం. పాత టేపు పాడైనా కొంత మిగులుస్తుంది, ఆగిపోయిన డిస్క్ చాలాసార్లు అంతా తీసుకుపోతుంది. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో అన్నది ఈ రంగంలో అందరూ చెప్పే కనీస నియమం. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారితే తానూ మారే గుర్తింపు సంఖ్య) తీసిపెట్టుకుంటే కొన్నేళ్ల తర్వాత అది చెక్కుచెదరకుండా ఉందో లేదో తేల్చుకోవచ్చు. వాట్సాప్‌లో అందరికీ పంపాం కదా అని ధీమా పడటం వద్దు, అక్కడ చేరేది బాగా కుదించిన కాపీ. పంపే ముందు అందులో ఉన్నవాళ్ల ఇష్టం కూడా చూడాలి. విడిపోయిన దంపతుల పెళ్లి, ఇప్పుడు పెద్దవాళ్లయిన పిల్లల స్నానం దృశ్యాలు ఫ్యామిలీ గ్రూపులో ఒక్కసారి పడితే వెనక్కి తీసుకోవడం కష్టం.

డిజిటల్ అయ్యాక క్యాసెట్లను పారేయాలన్న తొందర ఎందుకు? పద్ధతులు ఇంకా మెరుగవుతున్నాయి. వీహెచ్ఎస్-డీకోడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వీసీఆర్ వీడియో అవుట్‌పుట్‌ను పక్కనపెట్టి, హెడ్ చదివిన ముడి సిగ్నల్‌నే పట్టి, మిగతా పనంతా కంప్యూటర్‌లో చేస్తుంది. టైమ్ బేస్ కరెక్షన్ కూడా అందులోనే అవుతుంది. వీసీఆర్ తెరిచి వైర్లు కలపడం తెలిసినవాళ్లకే ఇప్పటికి అది సాధ్యం. అయినా మామూలు దారిలో సరిగా రాని క్యాసెట్లకు అది రెండో అవకాశం. అందాకా క్యాసెట్లను పూర్తిగా వెనక్కి తిప్పి, పుస్తకాల్లా నిలువుగా, చల్లగా, తేమ తగలని చోట పెట్టాలి. వాటితో పాటు దాచే కామ్‌కార్డర్‌లో బ్యాటరీ ఉంచకూడదు, కారితే లోపలంతా పాడవుతుంది.